దక్కనీ సూక్ష్మచిత్రముల రచనా విధానము

సూక్ష్మచిత్రము అను మాట వినినంతనే మనకు చిన్న బొమ్మ స్ఫురించును. ఆంగ్లమున దీనిని మినియేచర్ అందురు. ఆ ఆంగ్లపదమునకు మూలము చిన్నతనము కాదు, సిందూరము. లాటిను భాషలో సిందూరమునకు మినియమ్ అని పేరు. ఐరోపా లేఖకులు గ్రంథములలోని తొలి అక్షరములను సిందూరముతో దిద్దెడివారు. ఆ దిద్దుడుకు వచ్చిన పేరే పుస్తకములలోని చిత్రములకును, తుదకు ప్రతి చిన్న చిత్రమునకును అంటుకొన్నది. పేరులో రంగు ఉన్నది గాని పరిమాణము లేదు. కావున ఈ చిత్రములను తెలిసికొనదలచిన విద్యార్థి రంగుతోను, ఆ రంగు నిలిచిన కాగితముతోను మొదలుపెట్టుట మేలు.

మన పాఠ్యగ్రంథములలో మొగలు చిత్రకళ, రాజస్థానీ చిత్రకళ, పహాడీ చిత్రకళ అను శీర్షికలు కలవు. చిత్రమున ఉన్నవారెవరు, అది ఏ ప్రభువు కాలమునాటిది అని అందు చెప్పుదురు. అది ఎట్లు తయారైనదో చెప్పుట అరుదు. ఈ లోపము స్వల్పమైనది కాదు. తయారీ తెలియనివాడు పాత చిత్రమును మెచ్చుకొనగలడేమో గాని కాపాడలేడు. దుమ్ము తుడువబోయి చిత్రమునే తుడిచివేయును. ఈ వ్యాసమున దక్కను చిత్రకారుల పని ఎట్లు సాగెడిదో, ఆ పని తీరును బట్టి మనము ఏమి జాగ్రత్త పడవలెనో చెప్పుటకు యత్నింతును.

మన వడమాలపేట ప్రాంతము వారికి చిత్రరచన అనగానే మొదట తోచునది శ్రీకాళహస్తి కలంకారి. ఆ పని చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. కలంకారి పనివారు నూలుగుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేయుదురు. బెల్లపు నీటిలో ఇనుపముక్కలను నానబెట్టి పులియజేసిన కసిమితో రేఖలు గీయుదురు. కరక్కాయలోని వగరును ఇనుమును కలిసి గుడ్డమీదనే నల్లరంగు పుట్టును. ఎరుపు నిలుచుటకు ముందుగా పటిక నీరు పూయుదురు. పిమ్మట గుడ్డను ఉడికించి, ఉతికి, ఎండబెట్టుదురు. రంగు నూలులోనికి దిగి నూలుతో ఒకటగును. అందుచేతనే స్వర్ణముఖి నీటిలో ఎన్నిమారులు జాడించినను రేఖ చెడదు.

సూక్ష్మచిత్రము దీనికి సరిగా విపర్యయము. అందు రంగు కాగితములోనికి ఇంకరాదు. కాగితము మీద పలుచని పొరగా నిలువవలెను. కలంకారి రంగు నీటిలో కరిగిన రసము. సూక్ష్మచిత్రపు రంగు నీటిలో కరుగని పొడి. ఆ పొడిని కాగితమునకు పట్టియుంచునది పిడికెడు తుమ్మబంక మాత్రమే. ఈ ఒక్క భేదమును మనసున ఉంచుకొన్నచో తక్కినదంతయు దానినుండియే తెలియవచ్చును.

ఈ రెండు విద్యలును పరస్పరము ఎరుగనివి కావు. గోలకొండ రాజ్యమునకు మచిలీపట్నము రేవుపట్టణము. 17వ శతాబ్దపు నడిమికాలమున ఆ రాజ్యమున తయారైన కలంకారి రుమాళ్లు కొన్ని నేడు లండను, న్యూయార్కు మ్యూజియములలో ఉన్నవి. వాటిపై కనబడు రాజపురుషులు, పానపాత్రలు, తోటలు ఆ కాలపు సూక్ష్మచిత్రములలోనివే. కాగితముపై గీసిన నమూనా గుడ్డపైకి దిగినది. కలం అను మాటయు రెండింటికిని సామాన్యము. కలంకారిలో అది ఉన్ని చుట్టిన వెదురుపుల్ల. చిత్రకారుల పరిభాషలో మొగలు కలం, దక్కనీ కలం అన్నప్పుడు అది ఒక సంప్రదాయమునకు పేరు.

దక్కనీ కలం 16వ శతాబ్దమున అహమ్మదునగరు, బిజాపురము, గోలకొండ సుల్తానుల ఆశ్రయమున పెరిగినది. అహమ్మదునగరున హుసేన్ నిజాంషాహును గూర్చి అఫ్తాబీ వ్రాసిన సచిత్ర కావ్యము పుణెలోని భారత ఇతిహాస సంశోధక మండలమున ఉన్నది. బిజాపురమున 1570–71లో సిద్ధమైన నుజూముల్ ఉలూమ్ అను సచిత్ర గ్రంథము డబ్లినులో ఉన్నది. గోలకొండకు సంబంధించినంతలో మనకు మిక్కిలి ముఖ్యమైనది హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియములోని మహమ్మద్ కులీ కుతుబ్ షాహు కవితాసంపుటి, కుల్లియాత్. ఉర్దూ సాహిత్యము చదువు విద్యార్థులు ఆ ప్రభువును (పాలన 1580–1612) దక్కనీ కవిగా ఎరుగుదురు. తెలుగు విద్యార్థులు ఆయన తండ్రి ఇబ్రహీమును మల్కిభరాముడుగా, అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము'నకు కృతిభర్తగా ఎరుగుదురు. మన కళాశాలలో ఎదురెదురు గదులలో చెప్పుకొను రెండు సాహిత్యములకు ఒక్క ఇంటివారే పోషకులు. ఆ కుల్లియాత్ లోని చిత్రములలో బంగారము కాగితమంతట వెల్లివిరిసి ఉండును. వజ్రపు గనులు గల రాజ్యమునకు అది తగినదే.

ఇక పని విషయము. మొదటిది కాగితము. చేతితో తయారైన కాగితమునకు ముడిసరకు పాత గుడ్డపేలికలు, జనుము మొదలగు నారలు. దౌలతాబాదు సమీపమున కాగజీపురా అను గ్రామము పేరే అక్కడివారి వృత్తిని చెప్పుచున్నది. ఒక్క కాగితము చిత్రమునకు చాలదు. రెండు, మూడు, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన కాగితములను పిండిజిగురుతో ఒకదానిపై నొకటి అతికి దళసరి పలకగా చేయుదురు. జిగురులో కొంచెము మైలుతుత్తము కలుపుదురు. పిండి ఉన్నచోటికి పురుగు రాకమానదు గనుక ఈ విషము దానికి కావలి. ఇట్లు తయారైన పలకకు వస్లీ అని పేరు. గజళ్లు చదివినవారికి వస్ల్ అనగా ప్రియుల కలయిక. పనివారి మాటలో అది కాగితముల కలయిక. కవులు విరహమునకు విలపించుచుండగా చిత్రకారులు మాత్రము నిత్యము వస్లీ చేయుచుండిరి!

వస్లీ ఆరిన పిమ్మట దానిని చదునైన పాలరాతిపై పరచి నునుపైన అకీకు రాతితో గట్టిగా రుద్దుదురు. ఇదియే ఘుటాయీ. చూచుటకు చాకిరివలె కనబడు ఈ పనిలోనే చిత్రము యొక్క ఆయువు ఉన్నది. రుద్దుటచేత కాగితపు నారలు అణగి, రంధ్రములు మూసికొని, ఉపరితలము దంతమువలె నగును. నారలు లేచియున్న కాగితముమీద వెంట్రుకవాసి రేఖ పాకిపోవును. ఘుటాయీ చేసిన కాగితముమీద రేఖ పెట్టినచోట నిలుచును. చిత్రరచన నేర్చుకొనవచ్చిన బాలునికి మొదట ఇచ్చెడు పని రంగులు నూరుట, కాగితము రుద్దుట. కుంచె చేతికి వచ్చుట ఆ తరువాతి మాట.

రేఖాచిత్రమునకు ఖాకా అని పేరు. ఉర్దూ సాహిత్యమున వ్యక్తుల స్వభావచిత్రణకు కూడ ఖాకా అనియే అందురు. ఖాక్ అనగా ధూళి. పాత చిత్రమునుండి రూపమును తీయవలసినప్పుడు పారదర్శకమైన పలుచని జింకతోలును దానిపై పరచి రేఖలు ఎత్తెడివారు. దానికి చర్బా అని పేరు. ఆ రేఖల వెంబడి సూదితో రంధ్రములు పొడిచి, క్రొత్త కాగితముపై పెట్టి, బొగ్గుపొడి మూటతో తట్టినచో చుక్కల వరుసలు దిగును. ఆ ధూళిచుక్కలను కలిపి గీసినదే ఖాకా. మన ఇండ్లలో చిల్లుల డబ్బాతో గడప ముందర ముగ్గు దించు వారికి ఈ ఉపాయమును వివరింపనక్కరలేదు. తండ్రి చేసిన చర్బాలు కుమారునికి ఆస్తిగా వచ్చెడివి. ఒకే ముఖము, ఒకే గుర్రము ముప్పది, నలుబది ఏండ్ల తేడాతో వేరువేరు చిత్రములలో కనబడుటకు ఇది ఒక కారణము. దీనిని కాపీ అని చిన్నచూపు చూచుట న్యాయము కాదని నా అభిప్రాయము. రాగము పాడువాడు స్వరములను క్రొత్తగా కల్పింపడు గదా.

మొదటి రేఖ కావిరంగుతో లేతగా గీయుదురు. దానిపై పలుచని తెల్లపూత పూయుదురు. ఆ పూతలోనుండి లీలగా కనబడు కావిరేఖను చూచుచు, తప్పులు దిద్దుచు, నల్లని రేఖ తిరిగి గీయుదురు. పూర్తికాని పాత చిత్రములలో ఈ రెండు రేఖలును కనబడును. చేయి ఒకచోట పెట్టబోయి మరియొకచోటికి జరిపినట్లు తెలియును.

రంగులలో కొన్ని ఖనిజములు, కొన్ని లోహములనుండి చేసినవి, కొన్ని చెట్టుచేమలవి. ఎరుపునకు ఇంగిలీకము, సిందూరము, లక్క. పసుపునకు హరిదళము. నలుపునకు దీపపు మసి. నీలమునకు రెండు దారులు. ఒకటి ఆఫ్ఘనిస్థానములోని బదఖ్షాన్ గనుల నుండి వచ్చు రాజావర్తము, లాజవర్దు. రెండవది మన నీలిమందు. 19వ శతాబ్దమున కడప, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు మండలములు నీలిమందు సాగుకు పేరొందినవి. మన ప్రాంతము 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఆ ఉత్తర ఆర్కాటులోనిదే. 1897లో జర్మనీ రసాయన కర్మాగారము కృత్రిమ నీలిని విపణికి తెచ్చిన పిదప ఆ తొట్లు ఎండిపోయినవి.

రంగు తయారుచేయుటలో నేర్పంతయు నూరుటలోను, తేర్చుటలోను ఉన్నది. రాజావర్తమును ఊరక నూరినచో చక్కని నీలము రాదు, బూడిదవన్నె వచ్చును. అందు తెల్లని సున్నపురాయి మొదలగునవి కలిసి యుండుటయే దానికి కారణము. ఆ పొడిని నీట కలిపి, బరువైనది అడుగునకు దిగనిచ్చి, పైనీటిని వంచి, మరల నూరి, మరల తేర్చవలెను. ఈ విధముగ ఎన్నియో దినములు చేసిన పిమ్మట చేతికి వచ్చునది రాతి బరువులో స్వల్పభాగము. పియోడీ అను ఒక పసుపువన్నె కథ మరింత విచిత్రము. బీహారులో ముంగేరు దగ్గరి మీర్జాపురమున మామిడాకులు మేపిన ఆవుల మూత్రమునుండి దానిని తీయుచున్నారని 1883లో టి. ఎన్. ముఖర్జీ లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వారికి తెలియజేసెను. అది కట్టుకథయని చాలమంది సందేహించిరి. ఇటీవలి రసాయన పరీక్షలు ఆ వృత్తాంతమును చాలవరకు సమర్థించినవి.

రసాయన శాస్త్రము చదువు విద్యార్థులు ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. ఈ రంగులన్నియు ఒకదానితో నొకటి ఇమిడి యుండవు. హరిదళములో గంధకమున్నది. అది సీసపు తెలుపునకో రాగిచిలుమునకో తగిలినచో నల్లబారును. రాగిచిలుమునుండి చేసిన జంగారు ఆకుపచ్చ చూపునకు మరకతమువలె నుండును గాని కొన్ని శతాబ్దములలో కాగితమును తినివేయును. పాత గ్రంథములలో ఆకుపచ్చ గీత ఉన్నచోట పుట సరిగా ఆ గీతవెంట చీలిపోవుట కనబడును. పాత చిత్రకారులకు గంధకము, సీసము అను రసాయన విచారము లేకపోవచ్చును. ఏ రంగు ప్రక్కన ఏ రంగు పెట్టరాదో అనుభవమున తెలిసికొనిరి.

రంగులో తుమ్మబంక పాలు సరిగా ఉండవలెను. ఎక్కువైనచో పూత పగులును, తక్కువైనచో వ్రేలికి అంటును. దక్కనులో ఇంతకంటె పాత పద్ధతియు ఒకటి కలదు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున గేదెతోలును ఉడికించి తీసిన వజ్రలేపమును, దూడచెవి వెంట్రుకలను లక్కతో అతికిన కుంచెను వర్ణించెను. అది గోడలపై చిత్రముల కొరకు. సుల్తానుల కాలమునకు పారసీకమునుండి కాగితపు విద్య వచ్చినను, జిగురు, కుంచె, పూత అను మూడును ఈ దేశమునకు క్రొత్త కాదు.

ఒక్కొక్క రంగును పలుచగా పొరమీద పొరగా వేయుదురు. కొన్ని పొరలు వేసి ఆరిన పిమ్మట చిత్రమును పాలరాతిపై బోర్లించి, వెనుకవైపునుండి అకీకుతో రుద్దుదురు. అప్పుడు రంగు తన క్రింది పొరతో గట్టిగా హత్తుకొని, ముందువైపు మీనా పనితనము వంటి నిగ్గు తేరును. మరల పూత, మరల రుద్దుట. అచ్చులో చూచిన చిత్రమునకును అసలు చిత్రమునకును గల భేదము ఈ నిగ్గులోనే ఉన్నది. అచ్చు పుస్తకమున అది రాదు.

కుంచెను గూర్చి ఒక అపోహ ప్రచారమున ఉన్నది. ఒకే వెంట్రుకతో గీసెడివారని చెప్పుదురు. ఒక్క వెంట్రుకలో రంగు నిలువదు. ఉడుతతోక వెంట్రుకలను ఏరి, వాటి సహజమైన సన్నని కొనలన్నియు ఒక్క బిందువున కలియునట్లు పేర్చి, పావురపు ఈకకాడలో బిగించెడివారు. మొదలు రంగును దాచుకొనును, కొన మాత్రము ఒక్క వెంట్రుకగా గీయును. గడ్డపు వెంట్రుకలు, మస్లిను అంచులు, కనురెప్పలు అట్టి కుంచె పని. చెక్కిలి నునుపును, మెడక్రింది నీడను సన్నని చుక్కలతోను గీతలతోను తెచ్చుదురు. దీనిని పర్దాజ్ అందురు. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము నీడ తెచ్చు మూడు విధములలో బిందువులతో తెచ్చుదానిని ఒకటిగా చెప్పినది. పేర్లు వేరైనను చేతిపని ఒక్కటే.

బంగారము చివరి ఘట్టము. వరఖును తేనెతోనో, బంకతోనో, ఉప్పుతోనో కలిపి పింగాణి పళ్లెములో బొటనవ్రేలితో గంటలకొలది మెదుపుదురు. తరువాత నీటితో కడిగి తేనెను, ఉప్పును తొలగింతురు. మిగిలిన బంగారుపొడిని ముత్యపుచిప్పలో ఉంచుకొని కుంచెతో వాడుదురు. పూసినప్పుడు అది మట్టివలె మందముగా ఉండును. అకీకు తగిలినప్పుడే బంగారమగును. గోలకొండ, బిజాపురము వారికి బంగారముపై మక్కువ మెండు. ముత్యములను తెల్లరంగు బొట్లుగా ఉబ్బెత్తుగా నిలుపుదురు.

ఇంతటి పని ఒక్కని వలన అగుట అరుదు. అక్బరు కార్ఖానాలో రేఖ ఒకరిది, రంగు వేరొకరిది, ముఖము మరియొకరిది. ఆ సంగతి చిత్రముల అంచులలోని వ్రాతలవలన తెలియుచున్నది. దక్కను చిత్రములపై పేర్లు తక్కువ. అందుచేత తెలిసిన కొద్ది పేర్లు విలువైనవి. 1687లో గోలకొండ పడిపోయిన పిదప పని ఆగలేదు. అసఫ్ జాహీల కాలమున, నిజాము అలీఖాను (1762–1803) ఆస్థానమున తజల్లీ అలీ షా, రాయ్ వెంకటాచలం అను ఇరువురు చిత్రకారులు ప్రసిద్ధులు. తజల్లీ అలీ షా కవి, చరిత్రకారుడు కూడ. రెండవవాని పేరు మన కొండ పేరు. ఒక్క దర్బారున ఒక్క తీరు వస్లీపై ఈ ఇరువురును పని చేసిరి. చిత్రమును మాత్రము చూచి చేయి ఎవరిదో మతమునుబట్టి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు.

19వ శతాబ్దమున విదేశపు రంగులు వచ్చినవి, ఛాయాచిత్రము వచ్చినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను తన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళునకు ముసవ్విర్ జంగ్ అను బిరుదునిచ్చెను. ముసవ్విరు అనగా చిత్రకారుడు. అంతవరకు కుంచె పట్టినవారికి చెల్లిన మాట అది. ఆ పదము చేయి మారినదనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అక్కరలేదు. జైపూరు, ఉదయపూరు, నాథద్వారములలో వస్లీ పని తండ్రినుండి కుమారునికి వచ్చుచు నేటికిని బ్రతికియున్నది. దక్కనులో చిత్రములు మిగిలినవి గాని ఆ దర్బారు కార్ఖానాల వరుస తెగిపోయినది. తెలంగాణమున చేర్యాల పటచిత్రకారులను మాత్రము నేటికిని నకాషీలు అందురు. అది పారసీకపు నక్కాష్ పదమే. వారు గుడ్డకు సుద్దయు, చింతగింజల జిగురును పట్టించి నేల సిద్ధము చేయుట చూచినచో, ఈ విద్య పునాది పల్లెలో ఎంతవరకు నిలిచినదో ఊహింపవచ్చును.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వత్తము. రంగును పట్టియుంచునది తుమ్మబంక. తుమ్మబంక నీట కరుగును. కనుక సచిత్రమైన పాత పుటను తడిగుడ్డతో ఎన్నడును తుడువరాదు. పొరలు గట్టివి, వంగవు. కనుక చుట్టరాదు, మడువరాదు. అద్దమునకు ఆనించి చట్రము కట్టినచో వానకాలపు చెమ్మకు రంగు అద్దమునకు అంటును. అద్దమును తీసినప్పుడు ముఖము దానితో వచ్చును. లామినేషను చేయించుట, అంటుకాగితము వేయుట మరింత హాని. వేడికి కరిగిన ప్లాస్టికు రంగును పెరికివేయును. లక్క ఎరుపు ఎండకు వెలియును. ఆకుపచ్చ రంగున్న పుటను అంచుతో ఎత్తక, క్రింద అట్ట పెట్టి ఎత్తవలెను. ఇవి అన్నియు మ్యూజియము వారి నియమములుగా వినబడవచ్చును. కాని తాతలనాటి ఖురాను ప్రతియో, బంగారు జద్వల్ గల పారసీక దీవానో, రంగుల బొమ్మలున్న పురాణపు ప్రతియో ఏ ఇంటి పెట్టెలోనైన ఉండవచ్చును. దానిని మొదట తెరచి చూచునది చాలమారులు చదువుకొన్న పిల్లలే.

కళాశాల కార్యవర్గమువారికి ఒక మనవి. వస్లీ చేయుటకు కావలసినవి నాలుగు కాగితములు, మైదాపిండి, నునుపైన రాయి, ఒక పాలరాతి పలక. మైలుతుత్తము విషము గనుక అది రసాయనశాల అధ్యాపకుల చేతిలోనే ఉండవలెను. ఒక్క దినపు పాఠముతో విద్యార్థులు స్వహస్తములతో ఒక్కొక్క పలక చేయగలరు. సగము రుద్ది సగము విడిచి, రెండు సగములమీదను ఒకే కుంచెతో ఒకే రేఖ గీయించినచో, ఇంత వ్యాసము చెప్పనిది ఆ రేఖ చెప్పును. ఆ తరువాత విహారయాత్ర హైదరాబాదునకు ఏర్పరచినచో మరింత మంచిది. సాలార్ జంగ్ మ్యూజియమున చిత్రముల ముందు నిలిచినప్పుడు సూటిగా మాత్రమే చూడక, కొంచెము ప్రక్కకు వంగి, వెలుతురు ఏటవాలుగా పడునట్లు చూడవలెను. బంగారము మీద సూదితో పొడిచిన చుక్కలు మెరయును. హారములోని ముత్యములు కాగితము మీదికి తమ తమ నీడలు వేయును.